గర్భసంచి లెక్క ఏ రిజిస్టరులో ఉంది?

పసుపు తవ్వే రోజుల్లో మా కొల్లిపర వెళ్లాను. సాయంత్రం అరుగు మీద అయిదుగురం కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఒక సంగతి తేలింది. మాలో ముగ్గురికి గర్భసంచి లేదు. ముగ్గురికీ నలభై నిండకముందే తీసేశారు. మా వదినకైతే అప్పటికి ముప్పయ్యారే.

‘‘నెలనెలా రక్తం ఆగేది కాదు. టౌనుకు తీసుకెళ్తే, ఉంచితే కాన్సరవుతుందన్నారు. పిల్లలు పుట్టేశారు, పిల్లల ఆపరేషనూ అయిపోయింది, ఇంకెందుకది అని తీయించేసుకున్నా’’ అంది.

‘‘కాయితాలున్నాయా వదినా?’’ అంటే, ‘‘స్కానింగు ఫొటో ఒకటుండాలి, పరుపు కింద’’ అంది. అండాశయాలు ఉంచారో తీసేశారో ఆవిడకే తెలీదు. ఒంట్లోంచి ఆవిర్లు, నడుం నొప్పి మాత్రం ఆ ఏడాది నుంచే మొదలయ్యాయట.

అయిదుగురిలో ముగ్గురంటే అది సర్వే కాదని నాకూ తెలుసు. అందుకే అసలు సర్వే తిరగేశాను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది. మన రాష్ట్రంలో 8.7. అన్ని రాష్ట్రాల్లోకీ మనదే ఎక్కువ, తెలంగాణ మన వెనకే ఉంది. 2015-16 సర్వేలోనూ ఇదే వరస. కారణమేమిటని అడిగితే, దేశంలో సగానికి పైగా చెప్పింది అధిక రక్తస్రావమనే. మూడింట రెండొంతుల ఆపరేషన్లు ప్రైవేటులో జరిగాయి. అవసరమైతే తీయాల్సిందే, కాదనను. కానీ రక్తస్రావానికి మందులున్నాయి, హార్మోను లూప్ ఉంది. వాటి పేరైనా ఆ ముగ్గురికి ఎవరూ చెప్పలేదు.

సరే, మా మండలం సంగతేమిటని చూడబోతే దారి అక్కడితో మూసుకుపోయింది. ఆ సర్వేలో ఫలితాలు జిల్లా వరకే. రాష్ట్రంలో వెళ్లినవి పదకొండు వేల పైచిలుకు ఇళ్లు. 13 జిల్లాలకు పంచితే జిల్లాకు సుమారు 870. పాత గుంటూరు జిల్లాకు 57 మండలాలు, మండలానికి పదిహేను ఇళ్లు! పైగా ఇళ్లను గుంపులు గుంపులుగా ఎంచుకుంటారు కాబట్టి కొన్ని మండలాలకు అసలు వెళ్లకపోయినా ఆశ్చర్యం లేదు. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా కూడా విడిపోయింది. రేపల్లె బాపట్ల జిల్లాలోకి, మాచర్ల పల్నాడులోకి వెళ్లాయి. అంటే ఆ సర్వేలో ‘గుంటూరు’ అంకె మాచర్లనీ రేపల్లెనీ కొల్లిపరనీ కలిపి కాచిన పులుసు. దాన్ని పట్టుకుని మా ఆరోగ్య కేంద్రంలో ఏ డాక్టరమ్మ ఏం ప్లాను వేయగలదు?

సర్వే తప్పని కాదు నేననేది. ఎక్కడ వెతకాలో అది చూపించింది. వెతకాల్సింది మనమే. ఆశా కార్యకర్తకు ప్రతి ఇల్లూ తెలుసు. కాన్పులు, టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అన్నీ రాస్తుంది. పిల్లల ఆపరేషనయ్యాక మాత్రం ఆడది ఆ పుస్తకాల్లోంచి దాదాపు మాయమైపోతుంది. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 69.6 మందికి ఆ ఆపరేషనయిందని ఇదే సర్వే చెబుతోంది. ఇంతమంది సంగతి తర్వాత ఎవరికీ పట్టదన్నమాట.

ఒక్క పేజీ చాలు. ఏ వయసులో తీశారు, ఏ బాధకు, ప్రభుత్వ ఆసుపత్రిలోనా ప్రైవేటులోనా, అండాశయాలున్నాయా? పేర్లు అక్కర్లేదు. ఊళ్లో నోళ్లు తెలిసిందేగా! ఒక ఊళ్లో ముప్పై అయిదు లోపువాళ్లే ఎక్కువగా కనిపిస్తే, వారానికో రోజు స్త్రీల డాక్టరూ స్కానింగూ అక్కడికి రావాలని అడగడానికి చేతిలో ఆధారముంటుంది. ఇప్పటికే తీయించుకున్నవాళ్ల ఎముకల బలం ఎవరు చూస్తారన్న ప్రశ్న కూడా అప్పుడే లేస్తుంది.

అనవసరపు ఆపరేషన్లను ఆపేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు వాటిలో భాగమే. అయితే కమిటీ ముందుకు వెళ్లేది ఆసుపత్రి పంపిన కాగితం. మా వదిన సంగతి పరుపు కిందే ఉంది.

వచ్చే ముందు మా వీధి ఆశా అమ్మాయిని అడిగాను, ఈ నాలుగు ప్రశ్నలూ రాస్తావా అని. కాసేపు ఆలోచించింది. ‘‘రాస్తానక్కా. మా అమ్మతోనే మొదలుపెడతా. కానీ ఏ గడిలో రాయమంటారు?’’ అంది.