మాటతో చేసే వైద్యానికి కార్డు ఎందుకు చెల్లదు?

కిడ్నీలు పాడైన మనిషికి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయాలి. పొద్దున వస్తాడు, నాలుగు గంటలు మిషను దగ్గర పడుకుంటాడు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతాడు. జబ్బు పూర్తిగా నయం కాదు. కానీ మనిషి బతుకుతాడు, పిల్లలతో కూర్చుని అన్నం తింటాడు. మన రాష్ట్రంలో పేద కుటుంబాలకు ఈ ఖర్చు ప్రభుత్వమే భరిస్తోంది. కోత లేదు కదా, కుట్లు లేవు కదా, రాత్రి ఆసుపత్రిలో పడుకోలేదు కదా అని ఎవరూ అడగడం లేదు. అడగకూడదు కూడా.

ఇప్పుడు ఇంకొక మనిషిని తలచుకోండి. నెలల తరబడి నిద్ర లేదు, పని మీద మనసు లేదు, బతకాలని లేదు. ఈ మనిషికి శిక్షణ పొందిన కౌన్సెలర్ దగ్గర వారానికి ఒకసారి, ముప్పావు గంట చొప్పున, రెండు నెలలు కూర్చోవడం అవసరమని డాక్టరుగారు చెప్పారు. ఇదీ వచ్చిపోయే వైద్యమే. దీనివల్లా మనిషి బతుకుతాడు. కానీ ఈ మనిషి కార్డు తీసుకుని కౌంటరు దగ్గరికి వెళితే ఆ ముప్పావు గంటకు అక్కడ ఖరీదు లేదు. ఈ తేడా నాకు న్యాయంగా కనిపించడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

"కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పడమే కదా, మా పెద్దమ్మ కూడా చెబుతుంది, పాస్టరుగారు కూడా చెబుతారు, దానికి డబ్బెందుకు?" అని చాలామంది అంటారు. పెద్దమ్మ మాటకు విలువ ఉంది. పాస్టరుగారి ఓదార్పుకూ ప్రార్థనకూ విలువ ఉంది, దాన్ని ఎవరూ తీసివేయమనడం లేదు. అయితే శిక్షణ పొందిన కౌన్సెలర్ చేసే పని వేరు. ఆయన సలహా చెప్పేది తక్కువ, అడిగేది, వినేది ఎక్కువ. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, అప్పు ఎంత ఉంది, ఇంట్లో ఎవరైనా తాగుతారా, చేయి చేసుకుంటారా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడుగుతారు. ఆ చివరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు భయం. అలా పుట్టదు. అడిగినందువల్ల చాలామందికి గుండె బరువు తగ్గుతుంది. తరువాత వచ్చే వారం దాకా చేయగలిగిన చిన్న పని ఒకటి ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటారు. మళ్లీ వచ్చినప్పుడు అది జరిగిందా లేదా, ఎందుకు జరగలేదు అని చూస్తారు. మందులు కావలసిన మనిషి అయితే మానసిక వైద్యుని దగ్గరికి పంపుతారు. విన్నది బయటికి పోనివ్వరు.

ఆ చివరి మాట చిన్న ఊళ్లలో చాలా ముఖ్యం. కోడలు తన కష్టం పాస్టరుగారికి చెప్పుకోవాలంటే, అదే సంఘంలో అత్తగారు ముందు వరుసలో కూర్చుని ఉంటుంది. పాస్టరుగారు ఎంత మంచివారైనా ఇద్దరికీ కావలసిన మనిషే.

ఇక ఖర్చు సంగతి. మనసు జబ్బుకు డబ్బు పెట్టడం లేదని మనం అనుకుంటాం గానీ, నిజానికి పెడుతూనే ఉన్నాం. ఏ ఆసుపత్రి ఓపీలో కూర్చున్నా ఇలాంటి స్త్రీ కనిపిస్తుంది. పసుపు పనికో, పొలం పనికో వెళ్లే మనిషి. గుండె దడ, తలపోటు, కాళ్లు లాగడం, నీరసం. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు "నరాల బలహీనత" అని సెలైను పెడతాడు, బలానికి ఇంజెక్షను వేస్తాడు. తగ్గకపోతే తెనాలిలో ఈసీజీ, రక్త పరీక్షలు. అప్పటికీ తగ్గకపోతే గుంటూరులో స్కానింగు. ఎవరో గాలి సోకిందంటే దానికి కొంత. అన్ని రిపోర్టులూ నార్మల్ అని వస్తాయి. ఆ మాట విని ఇంటివాళ్లు సంతోషిస్తారు, ఆమె మాత్రం ఏడుస్తుంది. ఏ జబ్బూ లేదని కాగితం వచ్చాక ఇక తన బాధను ఎవరు నమ్ముతారు? ఇన్ని పరీక్షలు రాశారు గానీ, "అమ్మా, ఇంట్లో ఎలా ఉంది?" అని తీరికగా అడిగినవారు ఒక్కరూ లేరు. ఆ తీరికకు ఎవరూ డబ్బు కట్టరు కాబట్టి.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. ఆ 12లో మన రాష్ట్రం లేదు. అయినా ఆ లెక్క మనకు కొత్తగా అనిపించదు. పెద్దవారిలో 10.6 శాతం మంది, అంటే పదిమందిలో ఒకరికి పైగా, సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పేదవాడికి గుండె ఆపరేషను అనేది మొదటిసారి చేతికందే మాట అయింది. ఆ మేలు చిన్నది కాదు. ఆ పథకం తరువాత పేర్లు మారింది, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. పథకంలోకి వచ్చే చికిత్సల సంఖ్య మూడు వేలు దాటింది. కానీ దాని పుట్టుకే ఆపరేషన్ల కోసం, ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యం కోసం. ఆ అచ్చులో మాటల వైద్యం ఇమడలేదు. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్‌లో మానసిక జబ్బులకు ప్యాకేజీలు ఉన్నాయి, సంతోషమే. కానీ అక్కడా ఓపీ వైద్యానికి చోటు లేదు. అంటే మనిషి పూర్తిగా కుప్పకూలి మంచం ఎక్కితే డబ్బు వస్తుంది, కుప్పకూలకుండా ఆపుకుందామంటే రాదు.

చట్టం మాత్రం ఇలా లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమలులోకి వచ్చింది. శరీరానికి వచ్చే జబ్బులకు ఏ పద్ధతిలో బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే పద్ధతిలో ఇవ్వాలని 21వ సెక్షన్ బీమా సంస్థలను ఆదేశిస్తోంది. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో ఆ మాటే కంపెనీలకు చెప్పింది, 2022 అక్టోబరులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఒకసారి చెబితే సరిపోలేదన్నమాట! మనబోటి వారికి 18వ సెక్షన్ ఇంకా ముఖ్యం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, చేతిలో కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ ఆసుపత్రులలో, ప్రభుత్వ నిధులతో నడిచే ఆసుపత్రులలో మానసిక చికిత్స పూర్తిగా ఉచితం. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలో దొరకకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఈ సంగతి తెలిసిన రోగి నాకు ఇంతవరకు తారసపడలేదు.

మాటకు ప్రభుత్వం డబ్బు కట్టడం కొత్త విషయం కూడా కాదు. 2000 ప్రాంతంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో మనది ఒకటి, అందులో గుంటూరు జిల్లా పేరు తరచుగా వినపడేది. ఆ రోజుల్లో ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షా కేంద్రాలు పెట్టినప్పుడు రక్తం తీసేవారితో పాటు ఒక కౌన్సెలర్‌ను కూడా జీతమిచ్చి కూర్చోబెట్టారు. పరీక్షకు ముందు ఒకసారి, ఫలితం వచ్చాక ఒకసారి, తలుపు వేసి మాట్లాడేవారు. ఆ గదిలోంచి బయటికి వచ్చి, చావాలనుకున్నవారు మందులు వాడి బతికారు, పిల్లలకు జబ్బు రాకుండా కాపాడుకున్నారు. ఈ మాట చదువుతున్నవారిలో కొందరికి ఆ గది గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఎవరూ "మాటలకు జీతమా?" అనలేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఇంతమంది నిపుణులు ఎక్కడ ఉన్నారు అని. నిజమే, లేరు. కానీ గోవాలో మానసిక వైద్యులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో డిప్రెషన్ ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది సార్లు కౌన్సెలింగ్ చేయించారు. డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం చేసిన ఆ పని ఫలించిందని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇంగ్లండులో 2008 నుంచి ప్రభుత్వ ఆరోగ్య సేవ వేలమందిని దీనికోసమే తయారు చేసి, ప్రజలకు ఉచితంగా అందిస్తోంది. ముందు డబ్బు కట్టే ఏర్పాటు చేస్తేనే మనుషులు తయారవుతారు. డయాలసిస్ టెక్నీషియన్లు కూడా ముందే పుట్టి ఎదురుచూడలేదు.

రెండోది దొంగ బిల్లులు. కోత మచ్చ చూపించవచ్చు, మాటకు మచ్చ ఏది? ఈ అనుమానాన్ని నేను తేలికగా తీసుకోను. చేయని కౌన్సెలింగ్‌కు బిల్లు వేయడం చాలా సులువు. అందుకే ఒక్కో సారికి ఇంత అని ప్రైవేటు వారికి కట్టేకన్నా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మండలానికి ఒకరైనా కౌన్సెలర్‌ను జీతం మీద పెట్టి, పథకం నిధి నుంచి ఆ జీతం ఇవ్వడం మేలని నా అభిప్రాయం. దగ్గరలో ఉండటమూ అవసరమే. ఎనిమిది వారాలు గుంటూరు వెళ్లడమంటే ఎనిమిది రోజుల కూలి పోవడం, బస్సు ఖర్చు పైన. రేపల్లె వారికి 2022లో జిల్లా మారి బాపట్ల అయింది గానీ గుంటూరు పెద్దాసుపత్రి అంతే దూరంలో ఉంది.

మూడోది గుట్టు. కార్డు గీసిన ప్రతిచోటా పేరు నమోదవుతుంది. అమ్మాయి పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అది బయటపడితే? పథకంలో చేర్చేటప్పుడే దీనికి కట్టుదిట్టం చేయాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే 2017 చట్టం చెబుతోంది, కౌంటరులో కూర్చునే సిబ్బందికి ఆ సంగతి నేర్పాలి.

దుగ్గిరాల వారికి బీమా అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ కోల్డ్ స్టోరేజీ తగలబడి రైతుల పసుపు బూడిదైనప్పుడు, సరుకుకు బీమా ఉందా, ఎంత వస్తుంది అన్నదే ప్రశ్న. ఆ రైతు నిద్రకు, ఆ ఇల్లాలి దిగులుకు ఏ పాలసీ ఉందని అడిగిన జ్ఞాపకం నాకు లేదు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం అన్ని కుటుంబాలకూ వర్తించేలా కొత్త ఆరోగ్య బీమా విధానానికి ఆమోదం తెలిపింది. జాబితాలు తిరగరాసే ఇలాంటి సమయంలోనే అడగాలి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కౌన్సెలింగ్‌కు కార్డు చెల్లుతుందా అని అడగండి, 104కు ఫోను చేసి అడగండి, మీ శాసనసభ్యులు ఊరికి వచ్చినప్పుడు రాసిన కాగితం ఇవ్వండి. ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటితే, లేదా చావు మాట నోట వస్తే, ఆగకండి. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ పనిచేస్తోంది. నంబరు 14416. పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు, దానికి ఏ కార్డూ అక్కర్లేదు.