బడి గేటు దగ్గర చుట్టాలు

జూన్ సెలవులకి ఇండియా వెళ్ళిన వాళ్ళందరూ తిరిగొచ్చేశారా? ఆవకాయ సీసాలు క్షేమమేనా? మాది ఒకటి కారింది, సూట్‌కేసు తెరిస్తే తువ్వాళ్ళన్నీ నూనె.

మూడో టర్మ్ మొదలైందంటే జూలై 21 వచ్చేసినట్టే, స్కూళ్ళలో రేషియల్ హార్మొనీ డే. 1964లో అదే తేదీన ఇక్కడ మలయ్‌లకీ చైనీయులకీ మధ్య పెద్ద గొడవలు జరిగి మనుషులు చనిపోయారు. అది మర్చిపోకూడదని 1997 నుంచి బళ్ళలో ఈ రోజు జరుపుతున్నారు. మనకేమో అది పిల్లకి పట్టు పరికిణీ ఇస్త్రీ చేసి పంపే రోజు. ఫోటో తీసి అమ్మమ్మకి పంపేస్తే అయిపోయింది.

నేనూ మూడేళ్ళు అంతే చేశాను. అమ్మానాన్నలు ఎవరైనా సాయానికి రాగలరా అని స్కూల్ వాళ్ళు అడిగినప్పుడల్లా కుదరదని చెప్పేసేదాన్ని. నాకు స్నేహితులకేం తక్కువ? 1975 నుంచి ఉన్న తెలుగు సమాజం మనది, ఉగాదికి వెళ్తే పలకరించే వాళ్ళు బోలెడు. కానీ చూడండి, మనం ఊరంతా చెదిరి ఉన్నాం. ఒకరు పుంగోల్, ఒకరు జురాంగ్, ఇంకొకరు టాంపనీస్. ఇక్కడి బళ్ళలో మాతృభాష సబ్జెక్టుల్లో తెలుగు లేదు, మన పిల్లలు హిందీయో తమిళమో తీసుకుంటారు. భాష పేరు చెప్పి బడిలో కలుసుకునే దారి కూడా లేదు.

అది నాకు ఒక మధ్యాహ్నం బాగా తెలిసొచ్చింది. స్కూల్ నుంచి ఫోన్, పాపకి జ్వరం, వచ్చి తీసుకెళ్ళండి అని. నేను ఊరికి ఆ చివర మీటింగులో, మా ఆయన జకార్తాలో. నా ఫోన్‌లో నాలుగు వందల నంబర్లున్నాయి. పది నిమిషాల్లో ఆ గేటు దగ్గరికి వెళ్ళగలిగే మనిషి నంబరు ఒక్కటి లేదు. టాక్సీలో నేను చేరేసరికి ముప్పావు గంట దాటింది. పిల్ల బూట్లతోనే మంచం మీద నిద్రపోయింది.

ఆ ఏడు జూలైలో వస్తానని చెప్పాను.

నన్ను పాత ఆటల మూల కూర్చోబెట్టారు. ఫైవ్ స్టోన్స్ అట, బియ్యమో గింజలో పోసి కుట్టిన అయిదు బుల్లి గుడ్డ సంచులు. ఒకటి ఎగరేసి, కిందవి ఏరి, పైదాన్ని పట్టుకోవాలి. ఇవి మన అచ్చంగాయలే కదా! తెలంగాణ చెల్లెళ్ళు కచ్చకాయలంటారు. నా పక్కన మనవడి కోసం వచ్చిన ఒక మలయ్ పెద్దావిడ. ఆవిడకి ఇంగ్లీషు కొంచెం, నాకు మలయ్ సున్నా. ఇద్దరం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. నేను నాలుగూ ఒక్క ఊపులో ఊడ్చేసరికి ఆవిడ "అలమాక్!" అని తొడ చరిచారు. పిల్లలు ఆట మానేసి మమ్మల్ని చూడ్డం మొదలెట్టారు.

తీరా మాటల్లో తెలిసింది, ఆవిడ మా ఎదురు బ్లాకే. మూడేళ్ళుగా ఒకే బస్టాప్‌లో నిలబడ్డాం, ముఖం కూడా గుర్తు లేదు.

సెప్టెంబర్లో మళ్ళీ అదే ఫోన్. ఈసారి ఎవరు వస్తున్నారో ఆఫీసుకి చెప్పి, నెనెక్‌కి ఫోన్ చేశాను (నెనెక్ అంటే అమ్మమ్మ, మా ఇంట్లో ఇప్పుడు ఆవిడ పేరదే). నేను ఇల్లు చేరేసరికి పాప వాళ్ళ సోఫాలో గంజి తాగుతోంది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు పులిహోర డబ్బాలు మోసుకెళ్ళే ముందు టీచర్ని అడగండి, వేరుశెనగ పడని పిల్లలుంటారు. ముస్లిం కుటుంబాలు మన వంట తినకపోతే చిన్నబుచ్చుకోకండి, వాళ్ళకి హలాల్ వంటిల్లు ముఖ్యం. నేనైతే కమలాలు పట్టుకెళ్తాను, ఎవరికీ పేచీ లేదు. ఇంకో మాట, అక్కడ ఇంకో తెలుగావిడ కనబడగానే ఇద్దరూ మూలకి చేరిపోకండి. నాకూ అదే సరదా, అందుకే చెప్తున్నా. మన కబుర్లు రాత్రి వాట్సాప్‌లో ఎలాగూ ఉంటాయి.

ఈసారి మా అమ్మ ఇక్కడే ఉంది. కందిపప్పు పోసి అయిదు సంచులు కుట్టుకుంది. నెనెక్‌ని ఓడించి తీరతానని మధ్యాహ్నం నిద్ర మానేసి మరీ ప్రాక్టీసు చేస్తోంది.