సంకల్పంలో దేశకాలాలు: దూరపు పరుగుకు కావలసిన నిష్ఠ

పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానమాచరించి బయలుదేరే సప్తసాగర యాత్రికులు మాఘ శుద్ధ ఏకాదశి నాటికి అంతర్వేది చేరుతారు. గోదావరి ఏడు పాయలు సాగరంలో సంగమించే తావులను సేవిస్తూ, కాట్రేనికోన మండలంలోని కుండలేశ్వరం వద్ద వృద్ధగౌతమిలో మునిగి సాగే ఆ యాత్రకు పూర్వం కాలినడకే ఆధారం, పాయ అడ్డమైనచోట పడవ. దూరాన్ని వ్రతంగా స్వీకరించడం ఈ నేలకు కొత్త కాదు.

ఈ నేలపై పుట్టిన యువకుడొకడు నేడు ట్రైల్ అల్ట్రామారథాన్‌కు పూనుకున్నాడనుకుందాం. మారథాన్ 42.195 కిలోమీటర్లు, దానిని మించినది అల్ట్రా. ట్రైల్ అంటే కొండదారి, అడవిబాట. ఆల్ప్స్ పర్వతాలలో మౌంట్ బ్లాంక్‌ను చుట్టివచ్చే యు.టి.ఎం.బి. పందెం సుమారు 170 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు మొత్తం దాదాపు 10,000 మీటర్లు. అంతటి పరుగైనా రెండు రోజులలోపే ముగుస్తుంది. దానికి సిద్ధం కావడానికి మాత్రం ఎన్నో మాసాలు పడుతుంది, నిష్ఠ చెడేదీ ఆ మాసాలలోనే.

చెడినప్పుడు లోకం మనోబలం చాలలేదని తేల్చేస్తుంది. అది తొందరపాటు తీర్పు. చాలా సందర్భాలలో లోపం మనస్సులో కాక సంకల్పంలోనే ఉంటుంది.

పూజారంభంలో చెప్పే సంకల్పాన్ని గమనించాలి. కర్త ఏ నదీతీరాన కూర్చున్నాడు, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ తిథి అన్నవన్నీ ముందు ఉచ్చరించిన పిమ్మటనే కోరిన ఫలం వస్తుంది. (ఈ జాబితా ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చూసుకునే యజమానులకు కొదవ లేదు.) నేటి సాధకుడు దీనిని తలక్రిందులు చేస్తున్నాడు. ముందు పతకాన్ని కోరుకుని, ఆపై ఏదో శీతలదేశపు పర్వతవాసి కోసం వ్రాసిన ప్రణాళికను అరువు తెచ్చుకుంటాడు. కాట్రేనికోనలో కొండ ఏదీ? ఎత్తు అంటే కాలువగట్టు, మహా అయితే ఎదుర్లంక వంతెన. వైశాఖంలో తీరపు ఉక్క, ఆశ్వయుజ కార్తికాలలో తుపాను భయం. ఇవేవీ లెక్కలో లేని ప్రణాళిక మూడవ వారానికే భగ్నమవుతుంది, అతడేమో తానే పతితుడనని కృంగిపోతాడు. సూర్యోదయానికి ముందు గట్టుమీద, వారానికొకసారి సముద్రపు ఇసుకలో, వీలైన మాసంలో మారేడుమిల్లి వైపు కొండలలో పరుగెత్తాలని వ్రాసుకుంటే అది అతని సంకల్పం అవుతుంది. ఆషాఢ పౌర్ణమి వేళ జరిగే 32 కిలోమీటర్ల సింహాచల గిరిప్రదక్షిణ, నడకే అయినా, మంచి పరీక్ష.

ఇక విశ్రాంతి. వేదపాఠశాలలో అష్టమి, చతుర్దశి, పర్వదినాలు, ప్రతిపత్తు అనధ్యయనాలు. ఆ దినాలలో కొత్త పాఠం ఉండదు. అంతమాత్రాన ఘనపాఠి కావలసినవాడు వెనుకబడలేదు. విరామాన్ని నియమంలోనే చేర్చిన దూరదృష్టి అది. పరుగరి మాత్రం విశ్రాంతిని అపరాధంగా భావిస్తున్నాడు. ఎందుకంటే అతని ప్రతి కిలోమీటరూ చరవాణిలో పదిమంది చూస్తున్నారు. సత్కారం కోసం చేసే తపస్సు చంచలమని, రాజసమని భగవద్గీత పదిహేడవ అధ్యాయం చెబుతోంది. మూఢమైన పట్టుదలతో తన్ను తాను హింసించుకునేది తామసం. పిక్క ఎముకలో నొప్పి పొడుస్తున్నా పరుగాపనివానిని నిష్ఠాపరుడని పొగడేవారు ఈ రెండవ మాటను ఇంకొకసారి చదవాలి.

పతంజలి చెప్పిన అంతరాయాలలో ఒకటి అలబ్ధభూమికత్వం, అనగా ఎంత శ్రమించినా తరువాతి మెట్టు అందకపోవడం. వారాలు గడుస్తాయి, వేగం పెరగదు. ఎక్కువమంది విడిచిపెట్టేది ఇక్కడే. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు కూలిపోయినప్పుడు మళ్ళీ మొక్కలు నాటినవారికి ఈ స్థితి బాగా తెలుసు. దేశవాళీ చెట్టు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు. ఒక్క కాయైనా లేని చెట్టుకు అన్నేళ్ళూ నీరు పెట్టారు.

జపాన్‌లోని హియేయి పర్వతంపై తెందాయ్ సన్న్యాసులు ఏడేళ్ళలో వెయ్యి దినాలు నడిచే దీక్ష ఒకటి ఉంది. తొలి ఏళ్ళలో దినానికి సుమారు 30 కిలోమీటర్లు. దీక్ష తప్పితే ప్రాణత్యాగమే అని పూర్వనియమం. ఆ ధైర్యానికి నమస్కరించవచ్చు, అనుసరించనక్కరలేదు. కాలం మించి సంధ్యావందనం చేసేవానికి వైదికాచారం విధించినది ఒక్క ప్రాయశ్చిత్తార్ఘ్యం. అది విడిచి యథావిధిగా కొనసాగమంటుంది. జ్వరంతో వారం తప్పినవాడు ఆ దూరమంతా మరుసటి వారంలో కుక్కుకోవడం నిష్ఠ కాదు, తనపై తనకు కోపం.

అన్నిటికంటె ఎక్కువగా మరచిపోతున్న మాట ఇంకొకటి ఉంది. సంకల్పంలో కర్త తన గోత్రనామాలతో ఆగడు, సకుటుంబస్య అంటాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు గడియ తీసి వెళ్ళేవాని వెనుక మళ్ళీ గడియ వేసుకునే ఇల్లాలు ఉంది. ఆదివారం అయిదు గంటలు తండ్రి కనబడని పిల్లలున్నారు. పరుగు మానిన గృహస్థులలో ఎందరినో ఓడించినది కొండ కాదు, ఇంటిలో పేరుకున్న అసంతృప్తి. వారిని అడగకుండానే రుసుము కట్టి పేరు నమోదు చేసుకున్నవాడు సగం సంకల్పమే చెప్పాడు. సప్తసాగర యాత్రనైతే సంతానార్థులైన దంపతులు జంటగా చేస్తారు.