జీపు పొలిమేరలో ఆగాలి

శనివారం తెల్లారితే చాలు... హోసూరు నుంచి డెంకణికోట వెళ్లే దారిలో జీపులు కనబడతాయి. పైన మడతపెట్టిన గుడారం, వెనకాల అదనపు టైరు, ముందు వరసగా లైట్లు. బెంగళూరు ఇక్కడికి 40 కిలోమీటర్లే. రెండు రోజులు సెలవు దొరికితే తళి, జవళగిరి, అంచెట్టి వైపు అడవి చూసొద్దామన్న సరదా పట్నంవాళ్లకు పుట్టడంలో తప్పేమీ లేదు. ఆ జీపు ఎక్కడ ఆగాలో గట్టిగా చెప్పేవాళ్లు లేకపోవడమే తప్పు.

కృష్ణగిరి జిల్లాలోని ఈ అడవి అంచున తెలుగు, కన్నడ, తమిళం కలగలిపి మాట్లాడే పల్లెలున్నాయి. తాతల నాటి నుంచి రాగి చేనే వాళ్లకు ఆధారం. ఆ రాగి కోసమే బన్నేరుఘట్ట వైపు నుంచి ఏటా ఏనుగుల మందలు జవళగిరి మీదుగా దిగి వస్తాయి. రాగి వెన్ను పాలు పోసుకున్న నాటి నుంచి కోత అయ్యేదాకా రైతు మంచె దిగడు. టపాకాయలు, టార్చిలైటు దగ్గర పెట్టుకుని తెల్లార్లూ మేలుకుంటాడు. ఒక్క రాత్రి ఏమరుపాటున కన్ను మూస్తే ఏడాది కష్టం ఏనుగు కాళ్ల కింద పోతుంది. ఒక్కోసారి మనిషే పోతాడు.

ఇలాంటి చోట రాత్రి తొమ్మిది గంటలకు అడవిలోంచి ఇంజిన్ల రొద, పాటల హోరు, కళ్లు చెదిరే వెలుతురు వస్తే ఏమవుతుంది? బెదిరిన మంద అక్కడే నిలబడదు. అది ఏ వైపు కదిలినా ఆ చివర ఒక చేను, ఒక ఊరు ఉంటాయి. జీపులో వచ్చినవాళ్లకు అది ఒక రాత్రి ముచ్చట. ఆదివారం సాయంత్రానికి వాళ్లు ఇల్లు చేరతారు. బెదిరిన ఏనుగు మాత్రం ఇక్కడే ఉంటుంది. మంచె మీది మనిషీ ఇక్కడే ఉంటాడు.

గొడ్డుకొక న్యాయం, జీపుకొకటా?

కావేరి ఉత్తర అభయారణ్యాన్ని 2014లో ప్రకటించారు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 504 చదరపు కిలోమీటర్ల అడవి అందులోకి వచ్చింది. 2022లో దాని పక్కనే కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చింది. ఇది మరో 686 చదరపు కిలోమీటర్లు. అవతల ఒడ్డున కర్ణాటక అడవులు. ఏనుగుకు ఇదంతా ఒకటే ఇల్లు. 1980లలో ఈ హోసూరు, ధర్మపురి అడవుల నుంచి బయల్దేరిన ఏనుగులే కుప్పం, పలమనేరు వైపు చేరాయి. వాటి కోసమే 1990లో చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అంటే ఇక్కడ బెదరగొట్టిన మంద ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

చట్టం లేదా అంటే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో కాలు పెట్టాలంటే అనుమతి పత్రం ఉండాలి. మధ్యలోంచి పోయే రహదారి మీద ప్రయాణించే వాళ్లకు, లోపలే ఇల్లూ పొలమూ ఉన్న వాళ్లకు, మరికొందరికి మాత్రమే మినహాయింపు. రోడ్డు దిగి పక్క బాటలోకి బండి తిప్పితే ఆ మినహాయింపు పోయినట్లే. లోపల నిప్పు పెట్టడమూ నేరమే. 2022 సవరణ తర్వాత ఇలాంటి తప్పులకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఆ చట్టం ఎవరి మీద పనిచేస్తోందన్నదే పల్లెవాళ్ల ప్రశ్న. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు అడవుల్లో పశువుల మేపును నిషేధించింది. అదే నెలలో ఆ ఉత్తర్వును సవరించి జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పులుల రిజర్వులకు పరిమితం చేసింది. కోర్టు మాట కాదనడానికి లేదు. అయితే తాత నాటి నుంచి గొడ్లు తోలుకుపోయిన బాటలో ఈరోజు ఆవు పోకూడదంటే, అదే బాటలో రెండు టన్నుల బండి పోవచ్చునా? పుల్లలకు వెళ్లిన ముసలమ్మను ఆపే చేయి జీపు ముందు ఎందుకు లేవదు? ‘డబ్బున్నోడి సరదాకు లేని చట్టం మా కడుపుకొచ్చిందా?’ అని ఊళ్లో అడిగితే జవాబు చెప్పడం కష్టం.

నాలుగు చక్రాల ధీమా

మామూలు కారులో ఇంజిను బలం రెండు చక్రాలకే అందుతుంది. ఫోర్‌ వీల్‌ బండిలో నాలుగింటికీ అందుతుంది. దానికి తోడు లో గేరు ఉంటే బురదలోంచీ, రాళ్లలోంచీ మెల్లగా పాకుతూ బయటపడుతుంది. ఒకప్పుడు ఇలాంటి బండ్లు అటవీ, పోలీసు శాఖల దగ్గరే ఎక్కువగా కనబడేవి. ఇప్పుడు థార్‌, జిమ్నీ లాంటివి వచ్చాక ఉద్యోగం చేసే కుర్రాళ్లూ కొంటున్నారు. బండితోపాటు ధీమా కూడా వస్తోంది. నాలుగు చక్రాలూ తిరిగినంత మాత్రాన బ్రేకు నాలుగింతలు పడదు. వాగులో లోతు ఎంతో బండి చెప్పదు. దిగి కర్రతో చూసుకోవాల్సిందే.

బండికి జరిగే నష్టం సంగతి అలా ఉంచితే, బాటకు జరిగే నష్టం పెద్దది. వాన పడిన ఎర్రనేలలో చక్రాలు గిర్రున తిరిగితే లోతుగా గాడి పడుతుంది. మరుసటి వానకు ఆ గాడే కాలువవుతుంది. మట్టి కొట్టుకుపోయి ఎద్దుల బండి కూడా పోలేని దారి మిగులుతుంది. ఇరుక్కున్న జీపును లాగడానికి చెట్టుకు ఇనుప తాడు కడితే బెరడు ఒలిచేసినట్లవుతుంది. ఎండాకాలం వాగుల్లో అక్కడక్కడా మడుగులే మిగులుతాయి. ఏనుగు మొదలు ఉడత దాకా నీళ్లకు అక్కడికే రావాలి. ఆ మడుగులో బండి దింపి వీడియో తీసుకుంటే నీళ్లు బురదవుతాయి, నూనె తేలుతుంది.

నిప్పు సంగతి వేరే చెప్పాలా? మాఘం దాటితే ఇక్కడి గడ్డి అగ్గిపుల్లతో సమానం. చలిమంట అక్కర్లేదు, కాలిన పొగగొట్టం ఎండుగడ్డికి తగిలినా చాలు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి 20 మందికి పైగా ట్రెక్కింగ్‌ జట్టువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అడవిలో అనుమతి లేని దారి ఎంత దూరం తీసుకెళ్తుందో తమిళనాడు అప్పుడే చూసింది.

దారి లేకపోలేదు

అలాగని వచ్చేవాళ్లందర్నీ దొంగల్లా చూడటం న్యాయం కాదు. 2018 కేరళ వరదల్లో జనాన్ని బయటకు తేవడానికి ముందుకొచ్చిన వాళ్లలో ఇలాంటి జీపుల వాళ్లున్నారు. తెచ్చిన చెత్త తిరిగి తీసుకెళ్లే జట్లూ ఉన్నాయి. పైగా వచ్చే పర్యాటకుడి చేతిలో నాలుగు డబ్బులుంటాయి. వానల్నీ ఏనుగునీ నమ్ముకుని బతికే ఊరికి అవి చేదు కాదు. ఇప్పుడా డబ్బులో ఊరికి దక్కేది టీ నీళ్ల ఖర్చే. దొంగదారి చూపించిన కుర్రాడికి ఏ ఐదొందలో దొరుకుతుంది. రేపు కేసు పడితే బండి బెంగళూరు వెళ్లిపోతుంది. స్టేషన్‌ చుట్టూ తిరగడానికి కుర్రాడు మిగులుతాడు.

కురంగణి తర్వాత తమిళనాడు ట్రెక్కింగ్‌కు నిబంధనలు పెట్టింది. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా 40 కాలిదారులను ఆన్‌లైన్‌ టికెట్టుతో తెరిచింది. స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టింది. కృష్ణగిరి జిల్లాలో గుత్తిరాయన్‌ శిఖరం, అయ్యూరు దారులు అందులో ఉన్నాయి. కార్చిచ్చు కాలంలో దారులు మూస్తారు. నడిచేవాడికి పెట్టిన పద్ధతి నడిపేవాడికి ఎందుకు ఉండకూడదు?

జీపు పొలిమేరలో ఆగాలి. పగటిపూట రహదారి మీద తిరగనివ్వాలి. అక్కడి నుంచి అడవిలోకి కాలినడకే, అదీ టికెట్టుతో, ఊరి గైడుతోనే. గుడారం అడవిలో కాకుండా ఏనుగుల బాటకు దూరంగా ఊళ్లో పట్టా భూమిలో వేసుకోవాలి. దానికి రుసుము పెట్టి పంచాయతీకీ, భూమి ఇచ్చిన రైతుకూ వాటా ఇవ్వాలి. రాగి కోత ముగిసేదాకా ఆ చుట్టుపక్కల రాత్రి మకాములు పూర్తిగా ఆపాలి. హెచ్చరిక బోర్డులు తమిళంతోపాటు కన్నడ, తెలుగు భాషల్లోనూ పెట్టాలి. వచ్చేవాళ్లలో కర్ణాటక, ఆంధ్ర బండ్లూ ఉంటాయి కాబట్టి ‘చదవడం రాలేదు’ అనే సాకు మిగలకూడదు. గొడ్డుకు వేసే జరిమానా జీపుకూ వేయాలి.

ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏదీ లేదు. కావాల్సిందల్లా అటవీ శాఖ, పంచాయతీలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం. ఆ కూర్చోవడం రాగి వెన్ను తీయకముందే జరగాలి.

అడవి చూడటానికి వచ్చిన మనిషికి ఈ సీమ పల్లె ఎప్పుడూ తలుపు మూయలేదు. బండి ఊరి రచ్చకట్ట దగ్గర ఆపి, ‘అన్నా, ఇక్కణ్నుంచి ఎంత దూరం పోవచ్చు?’ అని ఒక్క మాట అడిగితే చాలు. ఎక్కడిదాకా పోవచ్చో, ఎక్కడ ఆగాలో ఊరే చెబుతుంది. పొద్దు గూకితే ఇంత సంగటి ముద్ద కూడా పెడుతుంది.