నీళ్ల వంతు

పిల్లలూ!

మా వీధిలో ఏడో తరగతి చదువుకునే అమ్మాయి ఒకతె ఉంది. రోజూ సాయంత్రం లెక్కలు దిద్దించుకోవడానికి మా ఇంటికి వస్తుంది. ఒకనాడు ఆమె పుస్తకం మూసేసి, "మాస్టారు తాతయ్యా! నాన్నగారి ఉద్యోగం కోసం మేమంతా వేరే దేశం వెళ్లిపోతున్నాం. అక్కడ ఇల్లు చూశారట, బడి కూడా చూశారట. కాని ఒక్క సంగతి మాత్రం నాకెవ్వరూ చెప్పడం లేదు. పరాయి ఊరు ఎన్నాళ్లకు మన ఊరవుతుంది?" అని అడిగింది.

ముప్ఫయి ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పాను గాని, ఈ ప్రశ్న నేను ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. "రేపు చెబుతానమ్మా," అన్నాను. ఆ రాత్రి ఆలోచించగా, నేను పుస్తకాలలో చదివిన ఒక కొండపల్లె గుర్తుకు వచ్చింది. మరునాడు ఆమెకు చెప్పిన సంగతులే మీకూ చెబుతాను.

ఐరోపా ఖండానికి నైరుతి మూల స్పెయిన్ దేశం ఉంది. ఆ దేశపు దక్షిణ భాగంలో సియెర్రా నెవాడా అనే కొండలున్నాయి. ఆ పేరుకు మంచు కప్పిన కొండలని అర్థం. వాటిలో ఎత్తయిన శిఖరం దాదాపు 3,480 మీటర్లు ఉంటుంది. ఆ కొండల దక్షిణపు వాలును అల్పుహర్రా అంటారు. వాలంతా మెట్లుమెట్లుగా చదును చేసిన పొలాలు, వాటి మధ్య సున్నం కొట్టిన తెల్లని ఇళ్లతో చిన్న చిన్న పల్లెలు ఉంటాయి. అందులో ఒక పల్లె పేరు యేహెన్.

1920లో జెరాల్డ్ బ్రెనన్ అనే ఇంగ్లీషు యువకుడు ఈ యేహెన్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అతను మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా పనిచేశాడు. విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. ఆ లోటు తీర్చుకోవాలనీ, తక్కువ ఖర్చుతో బతుకుతూ ప్రశాంతంగా చదువుకోవాలనీ అతని కోరిక. అందుకని దాదాపు రెండువేల పుస్తకాలు ఇంగ్లండు నుంచి ఆ కొండమీదికి తెప్పించుకున్నాడు! అతన్ని చూడడానికి వచ్చే స్నేహితులు కంచర గాడిదల మీద కొండదారుల వెంట రావలసివచ్చేది.

బ్రెనన్ చూసిన ఇళ్ల సంగతి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అవి మిద్దెలు. చెస్ట్‌నట్ చెట్ల దూలాలు వేసి, వాటిమీద రాతి పలకలో, రెల్లుకట్టెలో పరచి, పైన లౌనా అనే బూడిదరంగు మట్టిని దట్టంగా పోస్తారు. ఈ మట్టి తడిస్తే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోతుంది. ఇక నీటిని కిందికి దిగనివ్వదు. ఎండాకాలంలో ఆ మిద్దెల మీదనే అత్తిపళ్లూ, మిరపకాయలూ ఎండబెట్టుకుంటారు.

నాకు ఆశ్చర్యం ఎందుకో చెప్పనా? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను అనంతపురం జిల్లాలో ఒక పల్లె బడికి వేశారు. నేను పెంకుటిళ్ల సీమలో పుట్టినవాణ్ణి. అక్కడ నాకు మట్టి మిద్దె అద్దెకు దొరికింది. మొదటి వానకే నా పుస్తకాల పెట్టె తడిసిపోయింది. ఇంటాయనతో మొరపెట్టుకుంటే, "అయ్యవారూ, వాన రాకముందే మిద్దెమీద చౌడు పోసుకోవాల గదా! ఇంట్లో ఉండేవాళ్లదే ఆ పని," అన్నాడు. మరునాడు పక్కింటివాళ్లు గంపలు పట్టుకుని వచ్చారు. వాళ్లతోపాటు నేనూ చౌడుమట్టి నెత్తిన మోశాను. చౌడుమట్టిలోని అతి సన్నని రేణువులు తడిసినప్పుడు విడివడి, సందులన్నీ పూడ్చేస్తాయని తరువాత తెలుసుకున్నాను. అంతవరకు ఆ ఊళ్లో నన్ను "కొత్త అయ్యవారు" అనేవాళ్లు. గంప మోసిన నాటి నుంచి "మా అయ్యవారు" అన్నారు.

మళ్లీ స్పెయిన్‌కు వద్దాం. అల్పుహర్రాలో వానలు చలికాలంలోనే ఎక్కువ. పంటకు నీరు కావలసిన ఎండాకాలంలో చినుకు రాలడం అరుదు. మరి ఆ మెట్ల పొలాలు పచ్చగా ఎలా ఉంటాయి? కొండమీది మంచు కరిగిన నీళ్లను కాలువల ద్వారా తెచ్చుకుంటారు. ఈ కాలువలను అసెకియాలు అంటారు. అది అరబ్బీ మాట నుంచి వచ్చింది. ఎందుకంటే, వందల ఏళ్ల కిందట ఆ ప్రాంతాన్ని ఏలిన ముస్లిముల కాలంలోనే ఈ కాలువల పద్ధతి అక్కడ వేళ్లూనుకుంది.

వీటిలో కొన్ని కాలువలు చేసే పని విచిత్రమైనది. అవి నీటిని పొలానికి తీసుకుపోవు. వసంతకాలంలో మంచు కరిగి వాగులు పొంగినప్పుడు, ఆ నీటిని కొండ పైభాగంలోనే అడ్డంగా మళ్లించి, నీరు బాగా ఇంకే చోట వదిలేస్తాయి. ఆ నీరు పగుళ్ల రాళ్లలోకీ, మట్టిలోకీ దిగి, మెల్లగా జారుతూ, కొన్ని వారాలకో నెలలకో కింద ఉన్న పల్లెల దగ్గర ఊటలుగా పైకి వస్తుంది. అప్పటికి ఎండాకాలం ముదిరి ఉంటుంది! ఈ పనిని అక్కడి రైతులు "నీళ్లు విత్తడం" అంటారు. ఎంత చక్కని మాట!

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. అడుగున చిల్లి ఉన్న పూలకుండీలు రెండు తీసుకోండి. చిల్లిమీద చిన్న పెంకుముక్క పెట్టండి. ఒక దానిలో ముప్పాతిక వంతు ఇసుకా మట్టీ కలిపి నింపండి. రెండోది ఖాళీగా ఉంచండి. రెండింటిలోనూ చెరొక చెంబెడు నీళ్లు పోయండి. ఖాళీ కుండీ గబగబా ఖాళీ అయిపోతుంది. మట్టి కుండీ మాత్రం చాలాసేపటి వరకు బొట్టుబొట్టుగా కారుస్తూనే ఉంటుంది. కొండ చేసేది కూడా అదే.

కాలువ ఉంటే చాలదు, పంపకం కూడా సరిగా ఉండాలి. ఏ పొలానికి ఎన్ని గంటల నీరు, ఏ వేళ అన్నది అక్కడ లెక్క ప్రకారం జరుగుతుంది. వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే లేచి, లాంతరూ పారా పట్టుకుని పొలానికి పోవలసిందే. పంపకం చూసే మనిషి వేరే ఉంటాడు. తెలంగాణ పల్లెల్లో చెరువు నీళ్లు పంచే మనిషిని నీరటి అనేవారు గదా, అలాంటివాడన్నమాట. నీరు పొందేవాళ్లంతా కాలువ పూడిక తీయడానికి కూడా రావాలి.

ఇప్పుడు అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను.

అల్పుహర్రాకు కొత్తవాళ్లు రావడం బ్రెనన్‌తో మొదలు కాలేదు. 1492లో గ్రనాడా రాజ్యం క్రైస్తవ రాజుల వశమయింది. అక్కడి ముస్లిములను తరువాత బలవంతాన మతం మార్పించారు. 1568లో వాళ్ల సంతతి తిరగబడింది. తిరుగుబాటును అణచివేసి, తరతరాలుగా ఆ కాలువలను కాపాడినవాళ్లను ఊళ్లనుంచి వెళ్లగొట్టారు. స్పెయిన్‌లోని ఇతర ప్రాంతాల నుంచి కుటుంబాలను తెచ్చి ఆ ఇళ్లలో పెట్టారు. అది పెద్ద అన్యాయం. కొత్తగా వచ్చినవాళ్లకు ఇళ్లు దొరికాయి, పొలాలు దొరికాయి. కాని ఏ కాలువ ఎక్కడ మళ్లించాలో వాళ్లకేం తెలుసు? వాళ్లకు నేర్పేందుకు ఊరికి రెండు పాత కుటుంబాల చొప్పున ఉండనిచ్చారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏమయినా, వచ్చినవాళ్లు నీటి పద్ధతి నేర్చుకున్నారు. కాలువలు నిలిచాయి.

తరువాత మరొక కష్టం వచ్చింది. 1950 తరువాతి సంవత్సరాల్లో బతుకుతెరువు కోసం వేలాదిమంది ఆ పల్లెలు విడిచి బార్సిలోనాకూ, జర్మనీకీ, ఫ్రాన్సుకూ వెళ్లిపోయారు. మనుషులు పోతే కాలువలు పూడిపోతాయి. కాలువ పూడితే కింద ఊట సన్నబడుతుంది. ఊట సన్నబడితే ఉన్నవాళ్లు కూడా మూట కట్టుకోవలసివస్తుంది.

అలా ఖాళీ అయిన ఇళ్లలోకి ఇటీవలి కాలంలో ఎన్నో దేశాలవాళ్లు వచ్చి చేరారు. క్రిస్ స్టువార్ట్ అనే ఇంగ్లీషాయన ఒకప్పుడు పేరుమోసిన సంగీత బృందంలో డ్రమ్ములు వాయించినవాడు. ఆయన ఓర్హివా అనే ఊరి దగ్గర ఏటి అవతల ఉన్న పొలం కొనుక్కున్నాడు. అక్కడికి దారి లేదు, కరెంటు లేదు. అయితే ఆయనకు గొర్రెల ఉన్ని కత్తిరించే పని వచ్చు. ఆ పనితోనే చుట్టుపక్కల కాపరులకు దగ్గరయ్యాడు. ఆ అనుభవాలను రాసిన పుస్తకం 1999లో వెలువడింది.

వచ్చినవాళ్లందరూ అలా ఉండరు. తెల్లని గోడలూ, మంచు కొండలూ చూసి ముచ్చటపడి ఇల్లు కొని, నీళ్ల వంతు పట్టించుకోనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లు ఎన్నేళ్లున్నా చుట్టాలే.

2014 నుంచి గ్రనాడా విశ్వవిద్యాలయం పరిశోధకులు పూడిపోయిన పాత కాలువలను మళ్లీ తవ్వే పని పెట్టుకున్నారు. ఊరి రైతులూ, విద్యార్థులూ, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లూ పక్కపక్కనే నిలబడి పూడిక తీస్తున్నారు. అక్కడ ఎవరు ఏ దేశంవాళ్లో అడిగే పని లేదు. పార పట్టినవాడే ఆ ఊరివాడు.

బ్రెనన్ పొలం దున్నలేదు. అయినా మధ్యమధ్య ఇంగ్లండు పోయివస్తూ 1934 వరకు యేహెన్‌లో ఇల్లు ఉంచుకుని, ఆ ఊరివాళ్ల మాటలూ, పండుగలూ, పనులూ శ్రద్ధగా గమనించాడు. ఆ సంగతులన్నీ పుస్తకంగా రాసి 1957లో ప్రకటించాడు. అది చదివి లోకం ఆ ఊరి పేరు తెలుసుకుంది. అది ఆయన వంతు. ఆయన ఉన్న ఇంటికి యేహెన్‌వాళ్లు ఫలకం పెట్టుకున్నారు.

"కాబట్టి అమ్మాయీ," అన్నాను, "ఎన్నాళ్లకు అని లెక్క పెట్టకు. ఆ ఊరివాళ్లు చేసే పనుల్లో నీ వంతు ఏదో చూసుకో. వాళ్ల మాట నేర్చుకో. నీకు వచ్చినది వాళ్లకు నేర్పు. నీ వంతు పని నీకు దొరికిననాడే అది నీ ఊరు."

ఆమె కాసేపు ఆలోచించి, "మరి ఈ ఊరో తాతయ్యా? ఇక్కడ నా వంతు పని ఎవరు చేస్తారు?" అన్నది.

పిల్లలూ, దానికి మాత్రం నేను ఇంకా జవాబు చెప్పలేదు. మన బడితోటలో ఆమె రోజూ నీళ్లు పోసే వేపమొక్క ఒకటుంది. ఆమె వెళ్లేలోగా మీలో ఎవరయినా వచ్చి ఆ చెంబు అందుకుంటే, అదే జవాబు.

అందాకా మీరొక పని చేయండి. మీ ఊరి చెరువుకో కాలువకో తూము ఎవరు తీస్తారు, పూడిక ఎవరు తీస్తారు అన్నది మీ తాతగారినో నాయనమ్మనో అడిగి తెలుసుకుని రాయండి. పట్నంలో ఉన్నవాళ్లు మీ కుళాయి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కుని రాయండి. వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.