తిరుగని యంత్రమునకు సుంకము

పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము ప్రాంతములందలి కర్మాగారములకు వచ్చు విద్యుత్తు బిల్లులలో వాడిన యూనిట్ల వెల యొకటి, వాడినను వాడకున్నను కట్టవలసిన సొమ్ము మఱియొకటి. మొదటిదానిని గూర్చి వివాదము లేదు. రెండవది యెట్లు పుట్టినదో, ఎంతవఱకు న్యాయమో విచారింపవలసియున్నది.

2003వ సంవత్సరపు విద్యుచ్ఛట్టము పెద్ద వాడకందారులకు తమ కిష్టమైనచోట విద్యుత్తును కొనుక్కొను స్వేచ్ఛ నొసంగెను. దీనికే ఓపెన్ యాక్సెస్ అని వాడుక. ఒకచేత స్వేచ్ఛ నొసంగిన యా చట్టమే 42వ విభాగమున రెండు సుంకములకుఁ దావిచ్చెను. పేదలకు, రైతులకు తక్కువ ధర కిచ్చుటవలనఁ గలుగు లోటును పూడ్చునది క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి. రెండవది అదనపు సర్‌ఛార్జి. మన విచారమంతయు దీనిని గూర్చియే.

డిస్కములు ఉత్పత్తిదారులతో అనేక సంవత్సరములకు ఒప్పందములు చేసికొనును. శక్తిని తీసికొనినను లేకున్నను స్థిరవ్యయమును చెల్లింపక తప్పదు. కర్మాగారము వేఱొకచోట కొనఁగా, దానికై కుదుర్చుకొనిన కేంద్రము ఊరక నిలుచును. దాని బాడుగ మాత్రము నిలువదు. ఇదియే చిక్కుపడిన వ్యయము. అమెరికాలో 1996లో సమాఖ్య నియంత్రణ సంఘము ఇట్టి వ్యయమును వెడలిపోవు వాడకందారులనుండి రాబట్టుకొనుట కనుమతించెను. ఆ యేఁడే కాలిఫోర్నియా రాష్ట్రము ఇందుకై ప్రత్యేక సుంకమును విధించుచు, దాని ప్రధానభాగమునకు గడువును నిర్ణయించెను. సుంకమునకు అంతమొకటి యుండవలెనను ఈ నీతిని మనము గమనింపవలెను.

మన రాష్ట్రమున నీ చిక్కు ఎట్లు కలిగెను? 2012లో విద్యుత్తు లేక పరిశ్రమలకు బలవంతపు సెలవులు ప్రకటింపఁబడిన సంగతిని ఈ ప్రాంతపు కార్మికులు మఱచిపోలేదు. 2014లో రాష్ట్ర మేర్పడఁగానే పాలకులు శక్తికై వెదకిరి. ఛత్తీస్‌గఢ్‌తో 1,000 మెగావాట్ల ఒప్పందము 2015లో కుదిరెను. చీకటికి వెఱచి చేసిన ఒప్పందమును వెలుగు వచ్చిన పిదప నిందించుట సులభమే. ఆ ఒప్పందమును, భద్రాద్రి యాదాద్రి కేంద్రముల నిర్ణయములను విచారించుటకు 2024లో న్యాయవిచారణ సంఘము నియమింపఁబడినది. తప్పొప్పుల నిర్ణయము మన పని కాదు. కాని యే ఒప్పందముపైనను పటాన్‌చెరువు కర్మాగారముల సంతకము లేదనుట నిర్వివాదము.

తెలంగాణ నియంత్రణ మండలి 15 నిమిషముల కొక లెక్కగా, డిస్కముల మిగులు శక్తిని, వాడకందారులు బయటినుండి తెచ్చుకొనిన శక్తిని పోల్చి, అందు తక్కువదానినే చిక్కుపడినదిగా నెంచు పద్ధతి నవలంబించినది. పద్ధతి నిపుణమైనదే. అయినను మిగులు ఎంత యని యడుగునేగాని, అది యెందుకు కలిగినదని యీ లెక్క యడుగదు. అవసరమును మించి కొనుటవలనఁ గలిగిన మిగులును సైతము వెడలిపోవువాని పద్దున వ్రాయుట న్యాయమా? 2016 నాఁటి జాతీయ టారిఫ్ విధానము, ఒప్పందపు శక్తి చిక్కుపడినదని నిస్సంశయముగా నిరూపించిననే యీ సుంకము చెల్లునని చెప్పినది.

వేఱొక చిక్కు కలదు. ఓపెన్ యాక్సెస్‌కుఁ బోయినవాఁడును సాధారణముగా డిస్కముతో తన కాంట్రాక్టు డిమాండును ఉంచుకొనును. వాడకము తగ్గినను అందు 80 శాతమునకు డిమాండు ఛార్జి కట్టవలెను. 2022-23 ఉత్తర్వున 11 కె.వి. పరిశ్రమలకు ఇది కె.వి.ఏ.కు నెలకు 390 రూపాయలనుండి 475 రూపాయలకుఁ బెరిగెను. ఆ ధరకు 1,000 కె.వి.ఏ. గల కర్మాగారము చక్రము తిరుగకున్నను నెలకు 3,80,000 రూపాయలు చెల్లింపవలెను. ఇది స్థిరవ్యయమునకే గదా! ఈ సొమ్మును పూర్తిగా మినహాయింపక సర్‌ఛార్జి వేసినచో ఒక్క ఋణమును రెండుమాఱులు వసూలుచేసినట్లగును. స్థిరఛార్జీలు కట్టు హరితశక్తి వాడకందారులపై అదనపు సర్‌ఛార్జి కూడదని 2022 నాఁటి కేంద్ర నియమములు చెప్పుట యీ న్యాయముచేతనే.

డిస్కముల పక్షమునను న్యాయము లేకపోలేదు. పెద్దవారందఱు ఊరక వెడలిపోయినచో వారికై చేసిన ఋణము గృహస్థునిపైఁ బడును. పోవువాఁడు తన భాగమును చెల్లించి పోవుట ధర్మమే. కాని జరుగుచున్న దేమి? సొంత కేంద్రమును గట్టుకొనఁగల ధనికుఁడు తప్పుకొనును. అట్టివారు అదనపు సర్‌ఛార్జికి బద్ధులు కారని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తీర్పుచెప్పినది. సొంత కేంద్రమునకు శక్తి చాలని చిన్న ఫౌండ్రీ, ప్లాస్టిక్కు కర్మాగారము బరువు మోయును.

కావున మేము కోరునవి మూఁడు. మిగులు యొక్క కారణమును ఒప్పందమువారీగా బహిరంగపఱుపవలెను. అవివేకపు కొనుగోలు నష్టములో ఒక భాగమును, దానిని నిర్ణయించిన ప్రభుత్వమును డిస్కములును భరింపవలెను. 2024 జనవరి కేంద్ర నియమములు చెప్పినట్లు, ప్రతి వాడకందారునిపై నీ సుంకము ఏఁటేఁట తగ్గి నాలుగేండ్లలో అంతరింపవలెను.

నియంత్రణ మండలి విచారణలు బహిరంగముగా జరుగును. అభ్యంతరములను వ్రాఁతమూలమునఁ దెలుపు హక్కు ప్రతివానికిఁ గలదు. సంగారెడ్డి జిల్లా పరిశ్రమల సంఘములును, వానిలోఁ బనిచేయువారును లెక్కలతో అచటికిఁ బోవలెను. రామచంద్రాపురమున విద్యుత్కేంద్రములకు టర్బైనులను నిర్మించిన యీ సీమ, విద్యుత్తు లెక్క యడుగుటకు వెనుదీయరాదు. లెక్క యడుగని ప్రజకు సుంకము తగ్గదు.