గడియారం ముందుకు... బీరపువ్వు మాత్రం తన వేళకే!

మార్చి సగానికి వచ్చిందంటే లక్సెట్టిపేటలో చాలా ఇళ్లల్లో పొద్దుటిపూట ఒక్కసారిగా ఇరుకైపోతుంది. ఒంటిపూట బడులు మొదలవుతాయి. నిన్నటిదాకా తొమ్మిదికో, తొమ్మిదిన్నరకో మోగిన బడిగంట ఇక ఎనిమిదింటికే మోగుతుంది. పిల్లల స్నానాలు, జడలు, టిఫిన్లు అన్నీ గంటో గంటన్నరో ముందుకు జరగాలి.

అమెరికాలో బిడ్డలున్న ఇళ్లల్లో ఇంకో చిత్రం జరుగుతుంది. ఇంచుమించు అదే వారంలో ఫోను వేళ కూడా ముందుకు జరుగుతుంది. చికాగోలో రాత్రి ఎనిమిదిన్నరకు పనులన్నీ ముగించుకుని కూతురు ఫోను చేస్తే, చలికాలమంతా ఇక్కడ ఉదయం ఎనిమిదయ్యేది. ఇప్పుడు ఏడింటికే మోగుతుంది.

"గింత పొద్దుగాల్నే చేసినవేంది బిడ్డా?"

"మా దగ్గర గడియారం గంట ముందుకు తిప్పిన్రు గద అమ్మా!"

ఇలాంటి మాటలు మీ ఇంట్లోనూ వినబడే ఉంటాయి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నీళ్ల పైపు. పెరట్లో పుంటికూర మడి, బీరపాదు నోరు తెరుచుకుని చూస్తుంటాయి. లోపలి నుంచి "అమ్మమ్మా, నా బెల్టేది?" అని మనవడి కేక. ఆ పూట మడికి సగం నీళ్లే అందుతాయి.

మొక్కలకు గడియారంతో పనిలేదు. కానీ మొక్కలు పెంచే మనిషికి ఉంది. పేచీ అంతా అక్కడే!

అక్కడ ఎందుకు తిప్పుతారు?

అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారాన్ని మూడుకు తిప్పుతున్నారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. బ్రిటన్‌లోనూ, యూరప్ దేశాల్లో చాలాచోట్లా ఈ పని మార్చి చివరి ఆదివారం చేస్తారు. హవాయిలోనూ, అరిజోనాలో ఎక్కువ భాగంలోనూ ఈ గొడవే లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే గల్ఫ్‌లో దుబాయి, సౌదీ, కువైట్‌లు కూడా గడియారం జోలికి పోవు. అందుకే గల్ఫ్ నుంచి వచ్చే ఫోను ఏడాదంతా ఒకే వేళకు వస్తుంది.

ఈ ఆలోచన మొదట చేసినవాళ్లలో న్యూజిలాండ్‌కు చెందిన జార్జ్ హడ్సన్ ఒకడు. పురుగులను సేకరించి పరిశోధించేవాడు. ఉద్యోగం ముగిశాక తన పనికి వెలుతురు చాలడం లేదని 1895లో ఈ ప్రతిపాదన తెచ్చాడు. లండన్‌లో ఇళ్లు కట్టించే విలియం విల్లెట్ 1907లో దీనికోసం ప్రచారం మొదలుపెట్టాడు. చివరికి దీన్ని దేశమంతటా అమలుచేసింది 1916లో జర్మనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు ఆదా చేసేందుకు!

రైతుల కోసమే గడియారం తిప్పుతారని చాలామంది అనుకుంటారు. జరిగింది దానికి పూర్తిగా ఎదురు. అమెరికాలో దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లే రైతులు. గడ్డి కోయాలంటే మంచు ఆరాలి. మంచు ఆరేది ఎండకు గానీ గడియారానికి కాదు గదా! కూలీలేమో గడియారం చూసుకుని ఇంటికి పోతారు. ఆవు కూడా పాత వేళకే చేపుతుంది. ఈ వ్యతిరేకత వల్ల 1919లో అధ్యక్షుడు విల్సన్ కాదన్నా వినకుండా అక్కడి కాంగ్రెస్ ఆ చట్టాన్ని రద్దు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ వచ్చింది.

మన దేశంలోనూ ఆ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, గడియారాన్ని గంట ముందుకు జరిపారు. తర్వాత మానేశారు. మనకు దానితో పెద్ద లాభం లేదు కూడా. లండన్‌లో వేసవిలో అతి పొడుగు పగలు పదహారున్నర గంటలుంటే, చలికాలంలో అతి చిన్న పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. మన లక్సెట్టిపేటలో పొడుగు పగలు సుమారు పదమూడుంబావు గంటలు, చిన్న పగలు పదకొండు గంటలు. తేడా రెండుంబావు గంటలే. దాచుకోవడానికి మిగులు వెలుతురు మనకెక్కడిది?

మొక్కకు తెలిసిన టైము

సాయంకాలాన్ని 'బీరపూలు పూసే వేళ' అనడం మన పల్లెల్లో పాత మాట. ఊరికే అనలేదు. బీరపువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది. సొరపువ్వుదీ సాయంత్రపు వేళే. గుమ్మడి, కాకర పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. గుమ్మడిపువ్వైతే ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది కూడా. తేనెటీగలు తక్కువగా ఉన్నచోట మగపువ్వును తెంపి ఆడపువ్వుకు అద్దాలంటే ఈ వేళలు తెలియాలి. లేకపోతే పిందె కట్టకుండా పసుపెక్కి రాలిపోతుంది.

అమెరికాలో పెరటి తోట వేసుకున్న మన ఆడపిల్లలకు చిక్కొచ్చేది ఇక్కడే. "బీరపువ్వు సాయంత్రం ఆరింటికి చూడు బిడ్డా" అని అమ్మ చెబుతుంది. అమ్మ మాట లక్సెట్టిపేట పొద్దుకు సరిపోతుంది. చికాగోలో జూన్ నెలాఖరున పొద్దుగూకేది రాత్రి ఎనిమిదిన్నరకు! ఆరింటికి వెళ్లి చూస్తే మొగ్గ మొగ్గగానే ఉండొచ్చు. "ఇక్కడి విత్తనం మంచిది కాదు" అనుకుని పాదు పీకేస్తే అది విత్తనం తప్పు కాదు, గడియారం చేసిన మోసం. "పొద్దుగూకే ముందు చూడు" అని చెబితే మాట ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

ఇంకో మోసం నాట్ల విషయంలో. మార్చిలో గడియారం తిప్పగానే సాయంత్రం వెలుగు పెరిగినట్టు కనిపిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు మట్టిలో చెయ్యి పెట్టొచ్చు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు అది నిజంగానే వరం. కానీ వెలుగొచ్చినంత తొందరగా నేల వేడెక్కదు. చికాగో వంటి చోట్ల ఏప్రిల్ చివరిదాకా, ఒక్కోసారి మే దాకా, మొక్కలను మాడ్చే మంచు పడుతుంది. మార్చిలోనే బీర, సొర, గోంగూర గింజలను బయట పెడితే దక్కవు. అందుకే తెలిసినవాళ్లు ఇంట్లోనే కుండీల్లో మొలకెత్తించి, మంచు భయం పోయాక నేలలోకి మారుస్తారు.

మన పెద్దలు గడియారాన్ని కాక కార్తెలను నమ్ముకున్నది ఇందుకే. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ఏ ప్రభుత్వం గడియారాన్ని ఎటు తిప్పినా మృగశిర ముందుకు రాదు.

చల్లని గంట ఒక్కటే!

గడియారం తిప్పే బాధ మనకు లేదు కదా అని నిమ్మళంగా ఉండే వీలుందా? లేదు. ముల్లును ముట్టుకోకుండానే మన పొద్దును ఎవరో ఒకరు జరుపుతూనే ఉన్నారు.

వేసవిలో 45 డిగ్రీలు తాకడం మంచిర్యాల జిల్లాకు కొత్త కాదు. ఆ ఎండ నుంచి తప్పించుకోవాలంటే మిగిలేది తెల్లవారుజాము చల్లని వేళ ఒక్కటే. బడి అక్కడికే జరుగుతుంది. కూలి పనులు, ఉపాధి పనులు అక్కడికే జరుగుతాయి. చాలా వాడల్లో నల్లా నీళ్లు కూడా పొద్దున్నే వదులుతారు. మొక్కకు నీళ్లు పెట్టడానికి మంచి వేళా అదే. ఎండెక్కాక పెడితే సగం ఆవిరైపోతుంది. ఇంతమంది ఒక్క గంట కోసం పోటీపడితే ఎవరు తగ్గాలి?

ఎవరు తగ్గుతున్నారో మనకు తెలుసు. ఇల్లాలి నిద్ర తగ్గుతుంది. అయిదింటికి లేచే మనిషి నాలుగింటికి లేస్తుంది. అది కుదరకపోతే మడి ఎండుతుంది. మడి ఎండితే పోయేది కూరే అనుకోకండి. నాలుగు కట్టలు పుంటికూర, తోటకూర అమ్మి చేతిఖర్చులు వెళ్లదీసుకునే ఆడవాళ్లకు అది రోజు ఆదాయం.

ఒంటిపూట బడులు వద్దని ఎవరూ అనరు. పసిపిల్లలు ఎండలో మాడకూడదు. కానీ ఒక వేళను జరిపినప్పుడు దాని వెనక ఇంకెన్ని పనులు జరగాలో లెక్కవేసేవాళ్లు లేరు.

కరెంటు విషయంలో ఈ పాఠం మనం బాగానే నేర్చుకున్నాం. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అది రోజుకు ఏడు గంటలు, అందులో కొంత రాత్రిపూట. మోటరు వేయడానికి అర్ధరాత్రి చీకట్లో పొలానికి పోయి పాము కాటుకో, కరెంటు షాకుకో బలైనవాళ్లున్నారు. మగమనిషి లేని ఇళ్లల్లో ఆడవాళ్లే టార్చిలైటు పట్టుకుని నడిచారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం 24 గంటల సరఫరా మొదలుపెట్టింది. అప్పుడు నీళ్లు వృథా కాకుండా ఆటో స్టార్టర్లు తీసేయాలని రైతులను కోరింది. పగలే నీళ్లు పెట్టుకోగలిగితే రైతు ఇంటికి ఎంత ధైర్యమో ఆ రాత్రులు చూసినవాళ్లకే తెలుస్తుంది. వేళ అన్నది చిన్న విషయం కాదు.

మరి ఏం చేద్దాం?

పొద్దున నీళ్లు పెట్టడం కుదరకపోతే కంగారు పడకండి. ఎండ దిగాక సాయంత్రం పెట్టొచ్చు. ఆకుల మీద చల్లకుండా మొదట్లో పోయండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి. పాదులకు రోజూ కాసిన్ని చిలకరించే బదులు, రోజు విడిచి రోజు వేళ్లదాకా దిగేలా పెడితే నేల తడి నిలుస్తుంది. కుండీలకు మాత్రం రోజూ తప్పదు. మొదళ్ల చుట్టూ ఎండుగడ్డి, రాలిన ఆకులు కప్పండి. ఆకుకూర మడి మీద నాలుగు కర్రలు పాతి పాత చీర కట్టినా మిట్టమధ్యాహ్నపు ఎండ ఆగుతుంది. వంకాయ, టమాటా నారు సాయంత్రమే నాటండి. రాత్రి చల్లదనానికి నిలదొక్కుకుంటుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పెరట్లోకి మళ్లించండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకొకటి ఉంది. ఒంటిపూట బడి పిల్లలు పన్నెండున్నరకు వదిలితే ఇంటికొచ్చేస్తారు. సాయంత్రం నీళ్లు పెట్టే పని వాళ్లకు అప్పగించండి. ఆడపిల్లకు మాత్రమే కాదు, మగపిల్లవాడికి కూడా! పొద్దున పిల్లలను తయారుచేయడంలో తండ్రి ఒక చెయ్యి వేస్తే అమ్మకు పావుగంట మిగులుతుంది. బీరపాదుకు ఆ పావుగంట చాలు.

ఇంటి బయట అడగాల్సింది కూడా ఉంది. నల్లా వదిలే వేళ మార్చాలన్నా, కాలువ నీళ్ల వంతు నిర్ణయించాలన్నా ఆ నీళ్లు పట్టేవాళ్లను, పారించేవాళ్లను ఒక్క మాట అడగాలి. మహిళా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలు అయ్యాక ఈ వేళల మాట కూడా ఎత్తండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మున్సిపాలిటీ మాత్రం పెడుతుందా?

ఇక అమెరికా బిడ్డ ఏడింటికే ఫోను చేస్తే విసుక్కోకండి. "పిల్లలు బడికి పోయినంక మాట్లాడుదాం బిడ్డా" అని నెమ్మదిగా చెప్పండి. అప్పటికి అక్కడ రాత్రి పొద్దుపోతుందంటే ఆదివారానికి వాయిదా వేయండి. మాట్లాడినప్పుడు మాత్రం టైము చెప్పకండి, పొద్దు చెప్పండి. మీరు చెప్పిన గుర్తు పట్టుకుని ఆమె అక్కడ పొద్దువాలే వేళకు పెరట్లోకి వెళితే, బీరపువ్వు పచ్చగా విచ్చుకుని ఉంటుంది.